అరిసె నూనెల ఎందుకు ఇడిపోతది

"పెద్దమ్మా, అరిసె నూనెల ఎయ్యంగనే ఇడిపోతున్నది. ఏం కలపాలె?"

గిదేనా అడుగుడు? ఫోన్ల రికార్డు పెట్టినవా? పెట్టుకో. నేను ఎక్కువ చెప్ప, అడిగిందానికి చెప్త.

పగటీలి మూడయింది. ఎండ కొడుతున్నది, మబ్బు లేదు. నవ్వకు సింధూ. ఈ నడుమ నేను ఏం చెప్పినా ముందుగాల గీ వాన, మబ్బు ముచ్చటే నోట్లకు వస్తున్నది. అలవాటైంది.

ఇగ విను. ఏ పిండి దేనితోని పట్టుకుంటదో తెలిస్తే వంట సగం వచ్చినట్టే. ఒక్కో పిండిది ఒక్కో గుణం. మాది చివ్వెంల దిక్కు ఊరు గదా, మీ అమ్మకు నాకు చిన్నప్పుడు పూటపూటకు జొన్నరొట్టే. జొన్నపిండిల సాగుడు ఉండదు. గుంజితే తెగుతది. గందుకే ఎసరు మసిలినంక పిండిల పోస్తం. ఉడుకునీళ్ళు పడితే పిండి సగం ఉడుకుతది, జిగట అయితది. గా జిగటే రొట్టెను పట్టుకుంటది. సల్లనీళ్ళతోని చేసి సూడు, అంచుల పొంటి పలుగుతది. ఇంకోటి, పిండి పాతబడితే ఎంత మసిలిన నీళ్ళు పోసినా పట్టదు. మా అమ్మ ఎప్పటికప్పుడు కొన్ని కొన్నే గిర్నిల పట్టిచ్చేది. ఒక్కోసారి పని ఎక్కువుండి పాత పిండితోనే చేస్తే మా నాయిన రొట్టె ఎత్తి పట్టుకోని, "దీంట్ల మన ఊరు ఏడున్నదో సూపియ్యిండ్రే" అనేటోడు. రొట్టె గట్ల దేశపటం లెక్క పలిగి ఉండేది.

గారెలకు నీళ్ళే దుష్మన్. బొబ్బర్లు నానినంక నీళ్ళు మొత్తం వడగట్టాలె, గట్టిగ రుబ్బాలె. ఉప్పు ఆఖరుకు. ముందే వేస్తే పిండి నీరిడుస్తది, గారె నూనె తాగుతది. పలసనైతే గుప్పెడు బియ్యప్పిండి వెయ్యి, గది నీళ్ళు గుంజుకుంటది. కైమ ఉండలకైతే పుట్నాల పొడి, ఒక గుడ్డు. గుడ్డుకు సెగ తగిలితే గట్టిపడతది గదా, గట్టిపడుకుంట పక్కనున్నదాన్ని పట్టుకుంటది. మా ఇంట్ల గుడ్డు వేసేది కాదు. అప్పుడు గుడ్డు అర్ధరూపాయి. అర్ధరూపాయి అంటే ఇప్పుడు నీకు నవ్వొస్తది. గుడ్డు నాయినకు, ఉండలకు శనగపిండి. శనగపిండి గూడ పట్టుకుంటది, కాకపోతే పచ్చివాసన పోయేదాంక ఏగాలె.

ఏడికో పోయిన. అరిసె.

అరిసెకు గివేవీ ఉండయి. బియ్యం, బెల్లం, గంతే. నువ్వులు మీదికే. బియ్యం ఒక దినమంతా నానాలె. నీళ్ళొంపి, తడి ఆరకముందే పట్టాలె. ఆ తడి పిండి పాకంల పడితే మెత్తగ ముద్దయితది. బెల్లంపాకం దాన్ని పట్టుకుంటది, అది పాకాన్ని పట్టుకుంటది. పాకం ముదరకపోతే అరిసె నూనెల ఇడిపోతది. ఎక్కువ ముదిరితే రాయి అయితది. నీళ్ళల్ల ఒక చుక్క వేస్తే మెత్తగ ఉండ కట్టాలె. నీది కట్టిందా?

"కట్టింది పెద్దమ్మా. పాకం మంచిగనే ఉన్నది."

మరి బియ్యం ఏ బస్తాలయి?

సూడు, తెల్వదు నీకు. గట్లనే అయింది మా ఇంట్ల గూడ, మొన్న వానాకాలంల. నువ్వు హైదరాబాద్ల హాస్టల్ల ఉన్నవ్ అప్పుడు. గది చెప్తే నీ అరిసె ఎందుకు ఇడిపోతున్నదో నీకే తెలుస్తది.

మీ స్వప్నక్కకు ఏడో నెల. త్రిపురారంల అత్తగారింట్ల ఉన్నది. పురుటికి ఇంటికి తెచ్చుకోవాలె. మీ పెద్దనాయిన, మా కొడుకు నరేష్ పొద్దుగాల చాయ్ తాగి బయలెల్లిండ్రు. నరేష్ దోస్తుది కారు, తెల్లది. అప్పటికి వాన సన్నగనే పడుతున్నది. మా ఇల్లున్న సూర్యాపేట నుంచి మిర్యాలగూడ, ఆడికెళ్ళి త్రిపురారం. పగటి అన్నానికి ఇంటికి వస్తమన్నరు.

మా ఇంట్ల ఒక పద్ధతి ఉన్నది. పురుటికొచ్చిన బిడ్డ గడప దాటంగనే ఒళ్ళో అరిసెలు పెడతం. ఇంట్ల చేసినయే, మొదటి వాయివి, ఇరగనియి. నాకు మా అమ్మ పెట్టింది, మీ అమ్మకు గూడ పెట్టింది. కొనుక్కొచ్చినయి పెట్టం.

అనూష తెలుసు గదా, నరేష్ పెండ్లాం, కోదాడ పిల్ల. అప్పటికి పెండ్లయి ఏడాది గూడ నిండలే. ముందురోజు తెల్లారకముందే నేను చెప్పిన, బియ్యం నానబెట్టు బిడ్డా అని. అర్రల రెండు బస్తాలున్నయి. ఒకటి మా పచ్చి బియ్యం. ఇంకోటి స్వప్న మామ పంపిచ్చింది. ఆయన మిర్యాలగూడల మిల్లుల పని చేస్తడు, ఇడ్లీకి మంచిగుంటయని బాయిల్డు బియ్యం బస్తా పంపిండు. కరెంటు లేదు. చీకట్ల పిల్ల చేతికందిన బస్తాల నుంచి తీసి నానబెట్టింది. పగటి ఎల్తుర్ల అయితే తెలుస్తుండె, గింజ జర పసుపుపచ్చగ, గట్టిగ ఉంటది. నానినంక నేను గూడ సూడలే. పొద్దుగాల జర సేపు కరెంటొస్తె మిక్సీల గబగబ పట్టేసింది. జల్లెడ పట్టేటప్పుడు రవ్వ లెక్క రాలుతున్నది. అప్పుడన్నా ఆగి సూడాలె. తొందర మీదున్నం.

పది గొట్టంగ నరేష్ ఫోన్ చేసిండు. "అమ్మా, అక్కను ఎక్కిచ్చుకున్నం. సూర్యాపేట తొవ్వ బంద్ అయిందంట, నీళ్ళొచ్చినయ్. కోదాడ మీదికెళ్ళి వస్తం. నువ్వు తిన్నవా?" అన్నడు. తిన్న అన్న. తినలే. వాన అప్పటికే రేకుల మీద గట్టిగ కొడుతున్నది, వాడు చెప్పింది సగమే ఇనవడ్డది.

పాకం పట్టినం. పిండి కలిపినం. ముద్ద చేతికి అంటుతలే. నాకు అప్పుడే అనుమానమొచ్చింది. మొదటి అరిసె ఒత్తి నూనెల ఏసిన. ఏసిన జాగల నూనె మసిలి బుగ్గలు లేసినయి, అరిసె ఇడిపోయింది. ఇడిపోవుడంటే ఇరుగుడు గాదు సింధూ, ఇసుక లెక్క అయిపోయింది. కడాయి నిండ నల్లటి రవ్వ. రెండోది గూడ గట్లనే. మూడోది అనూష ఏసింది. అదీ అంతే.

పక్కింటి యాదమ్మ అప్పుడే వచ్చింది. వానకు ఇంట్ల ఒక్కతే ఉండబుద్ధి కాక వచ్చి పీటేసుకోని కూసున్నది. కడాయిలకు తొంగి సూసి, "మొదటి వాయే ఇరిగిందా వదినా? ఇయ్యాళ ఇడిసిపెట్టు. కడుపుతోని ఉన్న పిల్ల తొవ్వల ఉన్నది. మంచిది గాదు" అన్నది.

అనూష చేతుల గరిటె గట్లనే ఆగిపోయింది.

"యాదమ్మా, చాయ్ తాగినవా?" అని అడిగిన.

"లేదు వదినా."

"నీ ఇంటికి పోయి పెట్టుకో. మా పాలన్ని పిండివంటలకే పోతున్నయ్."

కోపమొచ్చింది ఆమెకు. మూతి తిప్పుకోని పోయింది. మర్నాడు మళ్ళ వచ్చిందనుకో, ఎక్కడికి పోతది. కని ఆమె అన్నమాట మాత్రం ఇంట్లనే ఉండిపోయింది.

అనూష అడిగింది, కోదాడ మాట గదా ఆమెది, "అత్తయ్యా, నేనేం తప్పు చేశాను? ఎందుకు విడిపోతున్నాయి?" అని. కండ్లల్ల నీళ్ళు. మొగడు గూడ ఆ కారులనే ఉన్నడు గదా.

నేను పోయి బస్తా సూసిన. గుప్పెడు తెచ్చి ఆమె చేతుల పోసిన. "ఇగో, ఇది బాయిల్డు బియ్యం. వడ్లు వడ్లుగనే ఉన్నప్పుడు నానబెట్టి, ఆవిరికి ఉడికిచ్చి, ఎండబెట్టి, అప్పుడు మరపడతరు. ఒకసారి ఉడికి ఎండిన గింజ. దీని జిగట అప్పుడే అయిపోయింది. పిండి పడితే రవ్వయితది. పాకం దాని సుట్టు ఉంటది గాని లోపలికి పోదు. నూనెల పడంగనే పాకం కరుగుతది, రవ్వ ఏడికాడికి పోతది. గింజ వేరే గింజ. గంతే."

"నిజంగా అంతేనా అత్తయ్యా?"

"అంతే."

ఆమె ఆ బియ్యం పారెయ్యలే. గుప్పిట్లనే పట్టుకోని నిలబడ్డది.

ఇగ ఫోన్లు. నరేష్‌ది కలుస్తలే. స్వప్నది స్విచాఫ్, త్రిపురారంల రాత్రి సంది కరెంటు లేదని పొద్దుగాలనే చెప్పింది. మీ పెద్దనాయినకు చేసిన. పక్క అర్రల మోగింది. ఫోను మంచం మీద ఇడిసిపెట్టి పోయిండు మహానుభావుడు. పెండ్లయిన కాడికెళ్ళి గంతే, కావాల్సిన పూటకే మర్చిపోతడు.

కారు కోదాడ మీదికెళ్ళి వస్తదని అనూష పొద్దుగాలనే వాళ్ళింట్ల చెప్పింది, ఒంటిగంట దాటినంక వాళ్ళమ్మ కోదాడ నుంచి ఫోన్ చేసింది. "వదినగారూ, మనవాళ్ళు ఇంకా మా ఇంటికి రాలేదు. ఇక్కడా రోడ్లమీద నీళ్ళున్నాయి. మీ అన్నయ్యగారు గొడుగేసుకుని రోడ్డు మీదే నిలబడ్డారు" అన్నది. కోదాడ రావాల్సిన టైం ఎప్పుడో దాటింది. "వస్తరు తియ్యి వదినా" అన్న. ఇంకేమంట?

జరసేపటికి అనూష ఫోన్ల ఏదో వీడియో వచ్చింది. సూసి ఫోన్ కొంగు కింద పెట్టుకున్నది. ఇయ్యి అన్న. ఇయ్యలే. గుంజుకున్న. వాగుల ఒక తెల్ల కారు. సగం మునిగింది. ఎనక అద్దం కనవడుతున్నది, నంబరు కనవడతలే. ఎవరో ఒడ్డు మీదికెళ్ళి అరుస్తున్నరు. ఏ ఊరో రాయలే. రెండుసార్లు సూసిన. తర్వాత ఫోన్ తీసి గూట్ల బోర్ల పెట్టిన.

నాకు ఏడుపు రాలే. అందరు అడుగుతరు, ఎట్లున్నవ్ అప్పుడు అని. నాకు తెల్వదు. పోయి ముద్దను సూసిన, గది గుర్తున్నది.

ముద్ద ఎండిపోతున్నది తాంబాలంల. గోధుమపిండి డబ్బా దించిన.

"ఇప్పుడు ఎందుకత్తయ్యా?" అన్నది అనూష.

"ముద్ద ఎండుతున్నది" అన్న.

ఇది రాసుకో సింధూ, నీకు పనికొస్తది. బాయిల్డు పిండిని మార్చలేవు. దానికి పట్టుకునేది ఇంకోటి తేవాలె. గోధుమపిండి తడిస్తె సాగుతది. పిసికినకొద్ది దారాల లెక్క అల్లుకుంటది. గా దారాలల్ల రవ్వ చిక్కుకుంటది. గుప్పెడు ఏసిన, ఎక్కువ ఏస్తె అరిసె పూరి అయితది. ఇన్ని గోరెచ్చని పాలు సల్లిన, చెంచెడు నెయ్యి. పిసికిన. పిసికి ఎంబడే వెయ్యొద్దు. మూతపెట్టి పక్కకు పెట్టాలె, పిండి ఆ తడి తాగాలె. తొందరపడితే మళ్ళ ఇడిపోతది.

పక్కకు పెట్టినం. ఇద్దరం గోడకానుకోని కూసున్నం. 

"ఇది కూడా విడిపోతే?" అన్నది.

"ఇంకో గుప్పెడు ఏద్దాం."

"అప్పుడూ విడిపోతే?"

"డబ్బా నిండ ఉన్నది బిడ్డా."

నవ్వింది. ఏడుసుకుంటనే నవ్వింది. "మీరు యాదమ్మత్తయ్య మాట నమ్మరా?" అన్నది. నేను లేచి నూనె ఎచ్చబెట్టిన.

అరిసె ఏసిన. బుగ్గలు లేసినయి. కిందికి పోయి, మెల్లగ మీదికొచ్చింది. అంచు ఇరగలే. తిప్పిన. నిలబడ్డది. తీసి రెండు గరిటెల నడుమ నూనె ఒత్తిన, అప్పుడు గూడ ఇరగలే.

అనూష ఫోన్ దిక్కు సూసింది. ఇగ మోగుతదన్నట్టు.

మోగలే.

రెండో వాయి ఏసినం. మోగలే. మూడయింది. మోగలే. అరిసెకు కారుకు ఏం సంబంధం బిడ్డా. ఇరిగినప్పుడు లేదు, నిలబడ్డప్పుడు గూడ లేదు. నాకు తెలుసు. తెలుసు గాని, ఆ ముద్ద మొత్తం చేసిన. ఒక్కటి ఇరగనియ్యలే. మంట తగ్గిచ్చి, ఒక్కొక్కటే ఏసి, ఒక్కొక్కటే తీసిన. అనూష చేస్తనంటె గూడ ఇయ్యలే. గది నమ్మకమంటవో, ఏమంటవో నీ ఇష్టం.

కరెంటు రాలే. దీపం పెట్టేటప్పటికి వాన సన్నబడ్డది. వాకిట్ల కారు ఆగిన సప్పుడైంది. అనూష ఉరికింది. నేను గడపల నిలబడ్డ. 

ముందు మీ పెద్దనాయిన దిగిండు. మోకాళ్ళ దాంక బురద. దిగుడు దిగుడే, "ఏందే, నూనె వాసన సందు మొదట్లకే వస్తున్నది. మేము నీళ్ళల్ల పడి వస్తుంటె నువ్వు పిండివంటలు చేసుకుంటున్నవా?" అన్నడు.

"నీ ఫోన్ మంచం మీద ఉన్నది" అన్న.

కాళ్ళు కడుక్కోనీకి తొట్టి కాడికి పోయిండు.

నరేష్ దిగిండు. స్వప్నను పట్టుకోని దించిండు. పిల్ల కాళ్ళు వాసినయి, చీర తడిసింది. "కడుపుల కదులుతున్నదా?" అని అడిగిన. "కదులుతున్నదమ్మా, తొవ్వ పొడుగు తన్నుడే" అన్నది. అప్పుడు ఊపిరి తీసుకున్న.

ఏమైందంటె, కోదాడ ఇంక జర దూరముందనంగ వాగు పొంగింది. పోలీసులు ఆపి అందరిని పక్క ఊరి బడిల కూసోబెట్టిండ్రు. నరేష్ ఫోన్ వానకు తడిసి సచ్చింది. అడిగి ఇంకొకరి ఫోన్ల చేద్దామంటె ఆడ సిగ్నల్ లేదు. పొద్దు వాలినంక నీళ్ళు తగ్గినయి, ఇడిసిపెట్టిండ్రు. కోదాడల ఆగితె మళ్ళ చీకటైతదని, గంటల ఇల్లు చేరుతం గదా ఫోన్ ఎందుకని సక్కగ ఇంటికే వచ్చిండ్రు. అనూష వాళ్ళ నాయిన గొడుగుతోని ఆడ నిలబడే ఉన్నడు పాపం, వీళ్ళు చూసుకోకుండ పోయిండ్రు. అనూష ఫోన్ చేసి చెప్పినంకనే ఆయన ఇంట్లకు పోయిండట.

ఆ వీడియోల తెల్ల కారు ఎవలదో ఇప్పటికీ తెల్వదు. అండ్ల ఎవలు లేరు, ముందే దిగిండ్రు అన్నరు. నిజమే అయితదనుకుంట.

కారుల ఇంకొకామె ఉన్నది. ముసలామె. ఒళ్ళంతా తడిసి, చేతిల దవాఖాన మందుల కవరు. నరేష్ చెప్పిండు, "కోదాడ బస్టాండ్ కాడ నిలబడ్డది అమ్మా. బస్సుల్లేవు. చివ్వెంల కాడి ఊరంట. అక్కనే ఎక్కిచ్చుకుందామన్నది. ముందు అక్కను ఇంట్ల దించుదామని సక్కగ ఇటే వచ్చిన" అని.

లోపలికి తోల్కొచ్చిన. స్వప్న గడప దాటింది, ఒళ్ళో అరిసెలు పెట్టిన. పెట్టి, ముసలామెకు టవలిచ్చి, ఒక అరిసె ఇచ్చిన. ఆమె కొరికి, నమిలి, "గోధుమపిండి కలిపినవా బిడ్డా?" అన్నది.

"కలిపిన అత్తా. ఇడిపోయినయ్."

"నేను గూడ గంతే కలుపుత" అన్నది. ఇంకో ముక్క కొరికింది.

"ఇంటికి ఫోన్ చేసినవా?" అని అడిగిన.

"లేదు బిడ్డా. నా ఫోన్ తడిసింది. నంబర్ నోటికి రాదు. కొడుకు పరేషానైతుంటడు."

 నరేష్ నా దిక్కు సూసిండు. పొద్దటి సంది వాడు ఒక్క ముద్ద తినలే. అనూష వాని అంగీ పట్టుకున్నది. "ఇప్పుడేగా వచ్చారు" అన్నది మెల్లగ.

ఆ ఇంట్ల గూడ ఎవలో గడపల నిలబడి ఉంటరు గదా.

"బండి తియ్యి. కారొద్దు" అన్న. "తొవ్వల నీళ్ళు కనవడితె ఆడికాడే తిరిగి రా. ఆమెను దించినంక వాళ్ళ కొడుకు ఫోన్ల నాకు చెయ్యి." నాలుగు అరిసెలు కవర్ల చుట్టి ముసలామె చేతిల పెట్టిన. నరేష్ రెయిన్ కోటు ఏసుకోని పోయిండు.

గట్ల పంపినందుకు అనూష ఆ రాత్రి నాతోని మాట్లాడలే. మర్నాడు మాట్లాడింది. ఇప్పుడు అరిసెలకు బియ్యం ఆమెనే నానబెడుతది, పచ్చి బియ్యమా బాయిల్డా అని రెండుసార్లు సూసి. నువ్వు గూడ పోయి బస్తా సూడు. బాయిల్డయితె నేను చెప్పినట్టు గుప్పెడు గోధుమపిండి, పాలు, జర ఓపిక. నీ చెయ్యి సల్లగుండ, మంచిగనే వస్తయి. హాస్టల్ల చేరినంక ఫోన్ చెయ్యి, మర్చిపోకు. బస్సు దిగినంక ఒకసారి, రూముకు పోయినంక ఒకసారి.

ఆ రాత్రి నరేష్ ఆడ చేరంగనే ఫోన్ చేసిండు, ఏదో కొత్త నంబర్. ఎనక ముసలామె కొడుకు గొంతు, ఏడుస్తున్నడో నవ్వుతున్నడో తెల్వలే. తర్వాత వాకిట్ల బండి సప్పుడైంది. తలుపు తీసిన. వాడు లోపలికొచ్చినంక గొళ్ళెం పెట్టి, ఎవలెవలు ఇల్లు చేరిండ్రో మొదటి సంది లెక్కపెట్టిన. మీ పెద్దనాయిన. స్వప్న. స్వప్న కడుపులది. అనూష. నరేష్. ఆ ముసలామె, ఆమె ఇంట్ల ఆమె.